రిపోర్టులో ఆ నాలుగో లైన్ మాకు కూడా చెప్పండి

మెదడు స్కాన్లు చదివి రిపోర్టులు రాసే రేడియాలజిస్టులకు, ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని మాతో మాట్లాడే ఫిజీషియన్లకు, న్యూరాలజిస్టులకు నమస్కారం.

నేను తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్లో పుట్టి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నదాన్ని. మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. 2022 ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే మంచం మీద నుంచి లేవబోతే ఇల్లంతా గిర్రున తిరిగినట్టయి, వాంతి కూడా అవడంతో తమ్ముడు టౌన్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ ఎమ్మారై తీయించమన్నారు, తీయించాం. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. చివర ఇంప్రెషన్ అని ఉండేచోట నాలుగు లైన్లున్నాయి. మొదటి మూడూ మంచి వార్తలే: కొత్తగా రక్తం ఆగిపోయిన జాడ లేదు, రక్తస్రావం లేదు, గడ్డ లేదు. నాలుగోది ఉన్నదున్నట్టు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను: "క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్, ఫజెకాస్ గ్రేడ్ 2. ఓల్డ్ లాక్యునార్ ఇన్ఫార్క్ట్ ఇన్ రైట్ బేసల్ గాంగ్లియా."

డాక్టర్‌గారు చదివి "ఏం లేదమ్మా, చెవిలో బ్యాలెన్స్ తప్పింది, పది రోజులు మాత్రలు వాడితే పోతుంది" అన్నారు. కళ్లు తిరగడం గురించి ఆయన చెప్పింది నిజమే, వారం తిరక్కుండానే తగ్గిపోయింది. నాలుగో లైన్ మీద వేలు పెట్టి "ఇదేంటి సార్" అని తమ్ముడు అడిగాడు. "వయసుతో పాటు వచ్చేవే, అందరికీ ఉంటాయి" అన్నారు. అమ్మ ఊపిరి పీల్చుకుంది. అందరం ఇంటికొచ్చేశాం. ఆ రోజు ఓపీ చీటీ మీద నర్సు రాసిన బీపీ 164/96. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. నాన్నకి ఉద్యోగంలో ఉండగానే బీపీ ఉందని తేలింది, మాత్ర కూడా వేసుకునేవారు. రిటైరయ్యాక "తలనొప్పి లేదు, ఏం లేదు, ఎందుకిది" అని మానేశారు. అది మా తప్పు, ఒప్పుకుంటాను. మళ్లీ వేసుకోండని గట్టిగా చెప్పే అవకాశం ఆ సాయంత్రం ఆ గదిలో దొరికింది. చేజారిపోయింది.

ఫిల్ములున్న ఆ పెద్ద కవరు మా ఇంట్లో పరుపు కిందకి వెళ్లింది. నాన్నకి పాల లెక్క రాసుకోవడానికి గట్టిగా ఉండే కాగితం కావాలి, ఆ కవరు వెనక బ్లూ పెన్నుతో గీతలు కొట్టుకుని నెల నెలా రాసుకునేవారు. తేదీ, లీటరు, అర లీటరు, ఎదురుగా డబ్బులు. అక్షరాలు గుండ్రంగా, బస్సులో ట్రిప్ షీట్ రాసినంత పద్ధతిగా ఉండేవి.

2023 నవంబర్‌లో ఒక కార్తీక సోమవారం. అమ్మ తెల్లవారుజామున గుడికెళ్లి దీపం పెట్టి వచ్చి కాఫీ ఇచ్చింది. నాన్న కుడి చేత్తో గ్లాసు అందుకున్నారు, పట్టుకున్నారు, అది మెల్లగా జారి ఒళ్లో పడింది. వేడి కాఫీ తొడ మీద పడితే ఆయన కేక వెయ్యలేదు, గ్లాసు వైపు వింతగా చూశారట. "చెయ్యి తిమ్మిరెక్కింది, కాసేపు పడుకుంటా" అన్నారు. అప్పుడు టైము అయిదున్నర. ఎనిమిదింటికి లేపితే మాట ముద్దగా వస్తోంది, నోరు కొంచెం వంకర పోయింది. పక్కింటివాళ్లు ఏదో ఊళ్లో పసరు పోస్తారని ఒకరు, పావురం రక్తం పూస్తే కాలూ చెయ్యీ వస్తాయని ఇంకొకరు. ఈ మాటలతో ఇంకో గంట పోయింది. నాకు ఫోన్ వచ్చేసరికి పది దాటింది. నేను అరిచి, ఏడ్చి, 108కి ఫోన్ చేయించి, పెద్ద ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలని అక్కడ డ్యూటీ డాక్టర్ చెప్పినప్పుడు నాకు వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం తప్ప ఇంకేం తోచలేదు.

ఆ డాక్టరమ్మే అడిగింది, పాత స్కాన్ ఏదైనా ఉందా అని. తమ్ముడు పరుపు కింద నుంచి కవరు తెచ్చాడు. ఆవిడ ఫిల్ము లైటు బాక్స్‌కి పెట్టి చాలాసేపు చూసి, "ఈయనకి ఇది మొదటిసారి కాదండీ, ఇంతకుముందే ఒకటి చప్పుడు లేకుండా వచ్చి పోయింది, ఇక్కడ రాశారు కూడా" అంది. పదిహేను నెలలుగా ఆ మాట మా ఇంట్లోనే, నాన్న వీపు కిందే ఉంది.

ఆ తర్వాత నేను కూర్చుని చదువుకున్నాను. దొరికిన పేపర్లన్నీ చదివాను, తెలిసిన డాక్టర్లని విసిగించాను. నాకు అర్థమైంది మాలాంటివాళ్ల భాషలో చెబుతాను, తప్పుంటే దిద్దండి.

మాది కృష్ణా డెల్టా. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవలో నీళ్లు వదిలితే ముందు పొలాలకి ముందు అందుతాయి, చివరి ఆయకట్టు రైతు మాత్రం రాత్రిళ్లు గట్టు మీద పడుకోవాల్సిందే. కాలవలో పూడిక పేరుకున్నా, గట్లు దెబ్బతిన్నా మొదట ఎండేది చివరి పొలమే. మెదడు లోపలి తెల్ల పదార్థం సరిగ్గా అలాంటి చివరి ఆయకట్టు. దానికి రక్తం తెచ్చేవి వెంట్రుకంత సన్నటి నాళాలు, చాలా దూరం లోపలికి వస్తాయి, ఒకటి మూసుకుపోతే పక్క నుంచి అందుకునే దారి పెద్దగా ఉండదు. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు మందమై, గట్టిపడి, లోపల దారి ఇరుకైపోతుంది. షుగరు, పొగ, వయసు దానికి తోడవుతాయి. రక్తం సరిగా అందని చోట ఎమ్మారైలో ఫ్లెయిర్ అనే ఫిల్ము మీద తెల్లగా మెరుస్తుంది. 1987లో కెనడా న్యూరాలజిస్టు హాచిన్‌స్కీ బృందం ఈ మార్పులకి ల్యూకోఅరాయోసిస్ అని పేరు పెట్టింది. అదే ఏడాది ఆస్ట్రియాకి చెందిన ఫజెకాస్, ఆయన సహచరులు వీటికి గ్రేడ్లు ఇచ్చారు: ఏమీ లేకపోతే సున్నా, చుక్కలు చుక్కలుగా ఉంటే 1, చుక్కలు కలవడం మొదలైతే 2, పెద్ద మడుగుల్లా కలిసిపోతే 3. ఒక సన్న నాళం పూర్తిగా మూసుకుపోతే దాని చివర చిన్న గుంట మిగులుతుంది, దాన్నే లాక్యూన్ అంటారు. మినపగింజంత మొదలుకొని చిక్కుడుగింజంత వరకు ఉంటుంది. కాలూ చెయ్యీ నడిపే దారిలో పడితే మనిషి కూలిపోతాడు. కాస్త పక్కన పడితే ఆయనకే తెలియదు. నాన్నకి మొదటిసారి పక్కన పడింది. రెండోసారి దారి మీదే పడింది.

ఇప్పుడు మీకు బాగా తెలిసిన, మాకెవరూ చెప్పని లెక్కలు. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ స్కాన్ స్టడీలో 60 నుంచి 90 ఏళ్ల మధ్య ఉన్న 1,077 మందికి ఎమ్మారై తీసి, సగటున నాలుగేళ్ల పైన గమనించారు. ఫలితాలు 2003లో వచ్చాయి. ఇలా చప్పుడు చేయని ఇన్ఫార్క్ట్ (రక్తం అందక చచ్చుబడిన చోటు) ఉన్నవాళ్లలో పక్షవాతం రావడం లేనివాళ్లకంటే అయిదు రెట్లు కనిపించింది, బీపీ లాంటి మిగతా కారణాలని లెక్కలోంచి తీసేసి చూసినా మూడు రెట్ల పైనే. 2010లో డెబెట్, మార్కస్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఒక్క తెల్లటి మార్పులకే పక్షవాతం ముప్పు సుమారు మూడు రెట్లు, మతిమరుపు జబ్బు ముప్పు దాదాపు రెండు రెట్లు అని తేలింది. పెద్దవయసులో ఆరోగ్యంగా కనిపించేవాళ్లలో కూడా సుమారు అయిదుగురిలో ఒకరికి ఈ చప్పుడు చేయని ఇన్ఫార్క్ట్ ఉంటుందని మీ పుస్తకాలే చెబుతాయి. "అందరికీ ఉంటాయి" అనే మాట ఇక్కడి నుంచే వచ్చిందనుకుంటాను. ఊళ్లో అయిదిళ్లకి ఒకరికి బీపీ ఉందంటే, అందరికీ ఉంటుందిలే అని మాత్ర ఇవ్వకుండా పంపిస్తారా?

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను అన్యాయం చేసినదాన్నవుతాను. ఆ 1,077 మందిలో ఆ కాలంలో పక్షవాతం వచ్చింది 57 మందికి. అంటే తెల్లచుక్కలు కనిపించినవాళ్లలో చాలామందికి ఏమీ కాలేదు. ఎనభై ఏళ్ల మనిషికి గ్రేడ్ 1 ఉంటే గుండెలు బాదుకోవాల్సిన పని లేదు. మైగ్రేన్ ఉన్నవాళ్లకీ చిన్న చుక్కలు కనిపిస్తాయి. అందుకే స్కాన్‌లో మచ్చ ఉంటే పక్షవాతం ఖాయం అని నేను అనడం లేదు, మీరు అలా చెప్పాలని అడగడమూ లేదు. అదే సమయంలో నలభై అయిదేళ్ల మనిషికి గ్రేడ్ 2, 3 కనిపిస్తే "వయసు" అనే మాట అసలు పనికిరాదు, ఎందుకొచ్చాయో వెతకాలి కదా. వయసు అనే ఒక్క మాటతో ఇద్దరినీ ఒకేలా ఇంటికి పంపేస్తున్నారనే నా బాధంతా.

మీరేమంటారో ఊహించగలను, ఎందుకంటే నేను అడిగినవాళ్లు అన్నారు కూడా. "చెబితే భయపడతారమ్మా" అన్నారొకరు. నిజం, భయపడతారు. మెదడులో తెల్లమచ్చలు అని ఎవరో చెబితే మా అమ్మ ఒంటి మీద వచ్చే తెల్లమచ్చలు లోపలికి కూడా పాకాయనుకుని రెండు రోజులు అన్నం తినలేదు. మన భాషలో ఆ మాటకి ఇంకో జబ్బు అంటుకుని ఉంది, అందుకే తెల్లమచ్చ అనకండి, "సన్న రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తులు" అనండి, అర్థమవుతుంది. భయం ఒక పూట ఉంటుంది, రెండో పూటకి "ఏం చెయ్యాలి" అనే ప్రశ్నగా మారుతుంది. ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉంది కాబట్టే చెప్పమంటున్నాను. జవాబు లేని జబ్బయితే నేనూ ఊరుకునేదాన్ని.

"ఓపీలో అరవై మంది ఉంటారు, టైమెక్కడిది" అన్నారు ఇంకొకరు. ఆ ఇబ్బంది నిజమే, మా జనమే తలుపు నెట్టుకుని లోపలికి వచ్చేస్తారు, నేనూ వచ్చాను. కానీ ఈ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, నేను గడియారం పెట్టుకుని చదివి చూశాను: "అయ్యా, మీ మెదడులో సన్న రక్తనాళాలు కొంచెం దెబ్బతిన్నాయి. ఇంతకుముందు ఒక చిన్న పక్షవాతం మీకు తెలియకుండానే వచ్చి పోయింది. మళ్లీ రాకుండా చూసుకోవచ్చు. ఈ రోజు నుంచి బీపీ మాత్ర మానొద్దు, వారానికి రెండు మూడు సార్లు బీపీ చూపించుకుని రాసుకోండి. షుగరు, కొలెస్ట్రాల్, ఈసీజీ చేయించండి. సిగరెట్టు, చుట్ట ఉంటే వదిలెయ్యండి. మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా, చూపు మసకబారినా పడుకోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి." ఇంతే. చివరి వాక్యం ఒక్కటి మాకు తెలిసుంటే ఆ సోమవారం పొద్దున మా నాన్న పడుకునేవారు కాదు, అయిదున్నరకే మేం బండెక్కేవాళ్లం. మాత్ర వాడితే పక్షవాతం ఆగేదా అంటే ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. ఆ నిద్ర మాత్రం ఆగేది.

బీపీ దించితే లాభముందా అనే దానికి కూడా ఆధారం ఉంది. అమెరికాలో స్ప్రింట్ అనే పెద్ద ట్రయల్‌లో ఒక భాగంగా ఎమ్మారైలు తీసి చూశారు, 2019లో ప్రచురించారు. పై బీపీని 120 లోపు ఉంచాలని చూసినవాళ్లలో దాదాపు నాలుగేళ్లలో తెల్లటి మార్పులు 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగితే, 140 లోపు ఉంచినవాళ్లలో 1.45 పెరిగాయి. పూర్తిగా ఆగలేదు, నెమ్మదించాయి. (ఆ ట్రయల్‌లో షుగరు ఉన్నవాళ్లని తీసుకోలేదు. మన దగ్గర బీపీ, షుగరు జంటగా ఉండే ఇళ్లే ఎక్కువ కాబట్టి వాళ్లకి ఎంతవరకు దించాలో మీరే చూసి చెప్పాలి.) పెద్ద ఖర్చున్న వైద్యం కూడా కాదు. బీపీ మాత్రలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు, 2017లో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమం ఐహెచ్‌సీఐలో మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగరు చూడటానికి ఏఎన్ఎమ్, ఆశా అక్కలు ఇళ్లకే వస్తున్నారు. ఏడు వేలు పెట్టి తీసిన స్కాన్ చెప్పిన మాట ఈ ఉచితంగా దొరికే మాత్ర దాకా చేరడం లేదు, అదే నా గోడు.

రెండు విషయాల్లో మాత్రం హద్దు దాటొద్దని కూడా బతిమాలుతున్నాను. ఒకటి, ఆ లైన్ కనపడగానే ఆస్పిరిన్ రాసెయ్యడం. నాన్నకి పక్షవాతం వచ్చాక ఆస్పిరిన్ ఇచ్చారు, అది అవసరం, అది వేరే సంగతి. లక్షణాలేమీ లేకుండా స్కాన్‌లో మాత్రమే ఇవి కనిపించినవాళ్లకి, దానికోసమే రక్తం పలచన చేసే మాత్రలు వద్దని 2021లో యూరోపియన్ స్ట్రోక్ ఆర్గనైజేషన్ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. బీపీ ఉంటే దాన్ని దించమని గట్టిగా చెప్పింది కూడా ఆ మార్గదర్శకాలే. ఇదే సన్న నాళాల జబ్బు కొందరిలో చిన్న చిన్న రక్తపు చుక్కలుగా కారి మైక్రోబ్లీడ్స్‌గా కనిపిస్తుంది, అలాంటివాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మా ఊళ్లో మెడికల్ షాపులో అడిగితే ఆస్పిరిన్ షీటు ఇచ్చేస్తారు, "మా బావకిచ్చారు, నువ్వూ వేసుకో" అని పంచుకుంటారు. ఎవరికి వద్దో కూడా మీ నోటితో చెప్పాలి.

రెండోది, ఈ లేఖ చదివి ఎవరైనా "బ్రెయిన్ స్ట్రోక్ ప్యాకేజీ, ఎమ్మారై సగం ధరకే" అని ఫ్లెక్సీ కట్టించొద్దు. ఏ ఇబ్బందీ లేని మనిషిని ఇవి వెతకడానికే మెషీన్‌లోకి పంపమని నేను అడగడం లేదు. ఆయనకి బీపీ మెషీన్ చాలు. తలనొప్పికో, కళ్లు తిరిగినందుకో, బండి మీద నుంచి పడ్డందుకో తీసిన స్కాన్లలో రోజూ ఇవి కనిపిస్తూనే ఉన్నాయి. అప్పటికే తీసినవి, అప్పటికే డబ్బు కట్టినవి. వాటిలో ఉన్న మాట మాకు చెప్పండి చాలు.

రేడియాలజిస్టుగారూ, మీతో విడిగా ఒక మాట. మీరు మమ్మల్ని చూడరు, చీకటి గదిలో తెర మీద మా తలల లోపల చూస్తారు, ఒకరి తర్వాత ఒకరు. నిజానికి మా నాన్న లాక్యూన్‌ని పట్టుకుని పేరు పెట్టి, ఎటువైపు ఉందో కూడా రాసింది మీవాళ్లలో ఒకరే, ఆయనెవరో తెలిస్తే దండం పెడతాను. మీరు రాసింది మీ తోటి డాక్టర్‌కి ఉద్దేశించిందని తెలుసు. కానీ రిపోర్టు నడిచేది మా చేతుల్లో, మేం దాన్ని మూడు ఆస్పత్రులు తిప్పుతాం, పరుపు కింద దాస్తాం, పెళ్లికొచ్చిన డాక్టర్ బంధువుకి చూపిస్తాం. అందుకని ఇంప్రెషన్ కింద తెలుగులో ఒక్క వాక్యం వేయించండి: "సన్న రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తులు ఉన్నాయి. బీపీ, షుగరు, గుండె లయ చూపించుకోండి." కంప్యూటర్‌లో ఒకసారి టైపు చేసి పెట్టుకుంటే గ్రేడ్ 2, 3, పాత ఇన్ఫార్క్ట్ ఉన్న ప్రతి రిపోర్టుకీ అతికించవచ్చు. "వయసు వల్ల" అని రాసేముందు వయసు ఎంతో ఒకసారి చూడండి. పాత ఇన్ఫార్క్ట్‌ని గుంపులో గోవిందా అని చిన్నచిన్న మార్పులతో కలిపెయ్యకుండా విడిగా, మొదటి లైన్లో రాయండి. నాలుగో లైన్ దాకా మాలో చాలామంది చదవరు.

ఫిజీషియన్‌గారూ, రిపోర్టు చూసేటప్పుడు పక్కనే ఓపీ చీటీ కూడా ఉంటుంది. రెండూ కలిపి చదవండి. 164/96, పాత ఇన్ఫార్క్ట్, ఈ రెండూ ఆ రోజు ఒకే బల్ల మీద జానెడు దూరంలో ఉన్నాయి.

నాన్న ఇప్పుడు చేతికర్రతో వీధి చివరి దాకా నడుస్తున్నారు. మాట చాలావరకు వచ్చింది, అలిసిపోతే ముద్దగా అవుతుంది. కుడి చేతి వేళ్లు ఇంకా ముడుచుకునే ఉంటాయి. బండి స్టీరింగ్ ముప్పై ఏళ్లు తిప్పిన చెయ్యి చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోతే ఆయన తల పక్కకి తిప్పుకుంటారు, అమ్మ ఏమీ చూడనట్టు వచ్చి పెట్టి వెళ్తుంది. ఊరమిరపకాయలు, అప్పడాలు ఇంట్లోకి రావడం మానేశాయి, ఆవకాయ మీద మాత్రం ఇంకా చర్చలు నడుస్తున్నాయి. బీపీ మెషీన్ కొన్నాం. రోజూ పొద్దున మాత్రకి ముందు చూసుకుని, ఎడమ చేత్తో, పెన్సిల్‌తో, ఆ స్కాన్ కవరు మీదే రాస్తున్నారు. పైన కుడి చేతి గుండ్రటి అక్షరాల పాల లెక్క నవంబర్‌లో ఆగిపోయింది, దాని కింద వంకరటింకర అంకెలు మొదలయ్యాయి. మొన్న నేను వెళ్లినప్పుడు చివరి అంకె 128/78.

వచ్చే నెల చెకప్‌కి ఆ కవరు పట్టుకుని వస్తాం. ఈసారి మీరు చెప్పకపోయినా నేనే అడుగుతాను. నాలాగా అడగడం తెలియని ఇంకో ఇంటివాళ్లు మా వెనక లైన్లో ఉంటారు, వాళ్ల రిపోర్టులో కూడా ఆ లైన్ ఉంటే వాళ్లని కూర్చోబెట్టి చెప్పండి.

ఇట్లు,
ఒక ఆర్టీసీ డ్రైవర్ కూతురు